గట్టు మీద ఇల్లు

ఎండుమిరపకాయలు, మెంతులు వేగిన నూనెలో రూబార్బ్ అనే పుల్లటి కాడల ముక్కలు వేయగానే ముందు చుయ్యిమంటుంది. ఆ తర్వాత ఒక పులుపు వాసన లేస్తుంది. అది గోంగూర వాసన కాదు, చింతకాయ వాసనా కాదు. రెంటికీ దూరపు చుట్టంలా ఉంటుంది. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో మా ఇంటి వెనక గరాజ్ గోడ పక్కనున్న దుబ్బు నుంచి ఈ ఏడాది మొదటి కాడలు ఇవాళ పొద్దున్నే కోశాను. మా అమ్మాయి వంటింట్లోకి తొంగి చూసి, "మమ్మీ, ఎడ్నా పచ్చడి చేస్తున్నావ్ ఆ?" అని తన అమెరికా యాసలో అడిగింది. అది ఎడ్నాని చూడలేదు. దానివరకు ఎడ్నా అంటే ఒక పచ్చడి పేరు. నవ్వొచ్చింది. పచ్చడి పేరుగా మిగలడం ఏ మనిషికైనా గౌరవమే. కానీ ఎడ్నాకి అది చాలదు. ఆవిడ సంగతి చెప్పాల్సిన మనిషిని నేనే, ఎందుకంటే చూసినదాన్ని నేను.

రెండు వేల నాలుగు ప్రాంతంలో మేము అమెరికా నడిమధ్యన నెబ్రాస్కా రాష్ట్రంలో ఉండేవాళ్ళం. మా ఆయన సుధాకర్‌కి అక్కడి చిన్న ఊళ్ళో, పొలాలకు నీళ్ళు తోడే యంత్రాలు తయారు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. నేను తణుకు దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక నా పాస్‌పోర్టులో డిపెండెంట్ అని రాసిన వీసా అంటించారు. ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. ఊళ్ళో మరో తెలుగు ఇల్లు లేదు. సుధాకర్ పొద్దున్నే వెళ్ళిపోతే సాయంత్రం దాకా కుక్కర్ కూత, గాలి. ఆ గాలిని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. మన తుఫాను గాలి వస్తుంది, విరగ్గొడుతుంది, పోతుంది. అక్కడి గాలి పోదు. కిటికీ సందులోంచి రోజంతా ఒకే మాట చెబుతూ ఉంటుంది. నేను ఆ రోజుల్లో చాలా ఏడ్చాను. అడిగేవాళ్ళు లేరు కనుక దాచుకోవలసిన అవసరమూ రాలేదు.

ఆదివారం మాత్రం గుడికి వెళ్ళేవాళ్ళం. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఆ ఊళ్ళోనూ నూరేళ్ళ నాటి తెల్లటి చెక్క లూథరన్ గుడి ఒకటుంది, స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు కట్టుకున్నది. లోపల తెల్ల తలలు తప్ప ఏమీ కనిపించవు. మొదటిసారి వెళ్ళిన రోజున పాట మొదలయ్యేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. మాటలు ఇంగ్లీషు గాని, రాగం మా అమ్మ పాడే రాగం. నా అంతట నేనే తెలుగులో అందుకున్నాను. పక్కన నిలబడ్డ పొడుగాటి ముసలావిడ పాడటం ఆపి నావైపు తిరిగింది. ఆరాధన అయ్యాక అడిగింది. మా మధ్య జరిగిన మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

"నీ మాటలు నాకు తెలియవు. రాగం మాత్రం మాదే."

"మాది కూడానండి," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "సరే, ఇద్దరిదీ అనుకుందాం. మా ఇంట్లో రూబార్బ్ విరగకాసింది. వచ్చి కావలసినంత కోసుకెళ్ళు," అంది. ఆవిడే ఎడ్నా. అప్పటికే ఎనభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. పల్లెటూరి బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరై, ఊరి బయట తాతల నాటి ఇంట్లో ఒక్కతే ఉండేది.

ఆ శనివారం సుధాకర్ నన్ను అక్కడ దింపి టైర్లు మార్పించుకోవడానికి వెళ్ళాడు. ఎడ్నా లోపల ఫోనులో ఉంది, పెరట్లోకి వెళ్ళమని చేత్తో సైగ చేసింది. వెళ్ళి చూద్దును గదా, ఎర్రటి కాడలు, వాటి మీద పచ్చటి వెడల్పాటి ఆకులు. ఒక కాడ విరిచి కొరికితే పులుపు నషాళానికి అంటింది. ఇంకేముంది, ఎర్ర గోంగూర! అమెరికా వచ్చాక గోంగూర మొహం చూడలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మీద పడ్డాను. గోంగూర కోసే పద్ధతి తెలుగింటి పిల్లకి ఎవరు నేర్పాలి? ఆకు తుంచి సంచిలో వేసుకుంటూ, కాడలు పక్కకి విసిరేస్తూ పోయాను. సంచి నిండింది. ఎడ్నా బయటికి వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది.

"అమ్మాయీ, ఆ ఆకులేం చేస్తావు?"

"పప్పులో వేస్తాను, పచ్చడి చేస్తాను."

"చేస్తే సోమవారం మీ ఇద్దరి భూస్థాపనకి మేము గుళ్ళో పాటలు పాడాల్సి వస్తుంది. ఆ ఆకు విషం. తినేది కాడ." ఆవిడ వంగి, నేను పారేసిన కాడలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. "తిండి పారేసి విషం సంచిలో వేసుకున్నావు. మా నానమ్మ చూసి ఉంటే నిన్ను మర్చిపోయేది కాదు."

సిగ్గుతో చచ్చాను. ఎడ్నా మాత్రం నవ్వలేదు. నా సంచి బోర్లించి, కాడలతో నింపి, మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని ఆ దుబ్బు కథ చెప్పింది. అది ఆవిడ నానమ్మ నాటింది. ఆ మైదానంలో ఒకప్పుడు ఇళ్ళు కట్టుకుని, కరువుకి తట్టుకోలేక వదిలేసి పోయినవాళ్ళు లెక్కలేనంతమంది. ఇల్లు కూలి మట్టిలో కలిసిపోయినా రూబార్బ్ దుబ్బు చావదట. మొక్కజొన్న చేల మధ్యలో ఎక్కడైనా ఎర్రకాడలు కనిపిస్తే అక్కడొక వంటిల్లు ఉండేదని గుర్తట. ఆ వారం కాడలతోనే పచ్చడి చేసి సీసాలో పట్టుకెళ్ళాను. ఎడ్నా రొట్టె మీద రాసుకుని కొరికింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే, "బాగుంది. ఇంకొంచెం వెయ్యి," అంది. ఆ రోజే నాకు ఆవిడ నచ్చేసింది.

ఆంటీ అని పిలవబోతే ఒప్పుకోలేదు. "అలా పిలవడానికి ఒకడు చాలు," అంది. ఆ ఒకడు లింకన్‌లో ఉండే ఆవిడ తమ్ముడి కొడుకు రాబర్ట్. ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక కొన్నాళ్ళు ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చాను. చివరికి ఎడ్నా అనడమే అలవాటైంది, కానీ లోపల ప్రతిసారీ ఒక 'గారు' చేర్చుకునేదాన్ని.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఎడ్నానే. ఆవిడ పాత ట్రక్కులో, ఆ మట్టి రోడ్ల మీద. నన్ను చూసి సుధాకర్ ఎగతాళి చేసేవాడు, "మలుపే లేని రోడ్డు మీద నేర్చుకున్నదానివి, ట్రాఫిక్ చూస్తే కార్ దిగి పారిపోతావ్," అని. నిజంగానే అక్కడ మలుపు లేదు. మైలుకొక రోడ్డు, నిలువుగా, అడ్డంగా, కాగితం మడిచి గీతలు పెట్టినట్టు. ఎందుకలా అని అడిగితే ఎడ్నా చెప్పింది. మనుషులు రాకముందే, నేలని కళ్ళారా చూడకముందే, ప్రభుత్వం దాన్ని కాగితం మీద చదరాలుగా కోసేసిందట. వాగు అడ్డొచ్చినా గీత వంగలేదు. ఆ గీతలే తర్వాత రోడ్లయ్యాయి. "అంతకుముందు ఇక్కడ ఎవరుండేవారు?" అన్నాను, సోషల్ టీచర్ని కదా. "పానీ అనే ఆదివాసీ జాతివాళ్ళు. ఎన్ని తరాలున్నారో చెప్పమని ఏ ఆఫీసూ ఏ సాక్షినీ పిలవలేదు," అంది ఎడ్నా. "గేరు మార్చు," అంది తర్వాత.

సాక్షి అనే మాట ఆవిడ నోట తరచుగా వచ్చేది. ఎందుకో ఆ ఇల్లు పూర్తిగా చూశాక తెలిసింది. ఇంటికి సరిగ్గా నడుమ, చెక్క నేల మీద ఒక నల్లటి పట్టీ ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తిన్నగా. నేను అలంకారమనుకున్నాను. ఒక చలికాలపు మధ్యాహ్నం, పొయ్యి పక్కన కూర్చుని ఎడ్నా విప్పి చెప్పింది. ఆవిడ నానమ్మ క్రిస్టీనా, ఆమె చెల్లెలు ఆల్మా షికాగోలో ఇళ్ళల్లో పనిచేసే స్వీడన్ పిల్లలు. రైలు కంపెనీవాళ్ళు పంచిన కాగితాల్లో నెబ్రాస్కా అంటే పండ్లతోటల బొమ్మలు ఉండేవట. నాగలి పెడితే వాన దానంతటదే వెనకాల వస్తుందని నమ్మబలికేవారట. ఇద్దరూ రైలు దిగి చూస్తే తోట కాదు గదా, చెట్టే లేదు. పొయ్యిలోకి ఎండిన పేడ ఏరుకొచ్చేవారు. మొదట్లో చేతికి గుడ్డ చుట్టుకుని ఏరిన నానమ్మ, ఏడాది తిరక్కుండానే ఒట్టి చేత్తో ఏరి, చెయ్యి గౌనుకి తుడుచుకుని రొట్టెపిండి కలిపేసేదట.

"మేమైతే పేడని గుండ్రంగా తట్టి గోడకి కొడతాం," అన్నాను.

"గోడకా? ఎందుకు?"

"ఎండాలిగా."

ఎడ్నా చాలాసేపు నవ్వింది. "మావాళ్ళకి నీలాంటి పొరుగు ఉంటే బాగుండేది."

అసలు కథ గీతది. అప్పటి చట్టం ప్రకారం ఎవరైనా నూట అరవై ఎకరాలు అడిగి తీసుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడే నివసించి, సాగు చేసి, చివర్లో ఇద్దరు సాక్షులను తెచ్చుకుంటే పట్టా ఇస్తారు. పెళ్ళికాని ఆడది తన పేరు మీద తీసుకోవచ్చు. పెళ్ళయినదానికి ఇవ్వరు, అంతా భర్త పేరు మీదే. నేను చటుక్కున తలెత్తాను. "అవును, నీ వీసా లాగే," అంది ఎడ్నా, కెటిల్ దించుతూ. అక్కాచెల్లెళ్ళు పక్కపక్కనే రెండు ముక్కలు తీసుకున్నారు. ఎవరి నేల మీద వాళ్ళు పడుకుంటేనే నివాసం కింద లెక్క. రెండు ఇళ్ళు కట్టుకునే స్తోమత లేదు. అందుకని రైల్లో వచ్చిన చెక్క పలకలతో సరిగ్గా సరిహద్దు మీద ఒకే ఇల్లు కట్టారు. మన వైపైతే గట్టు మీద ఇల్లు అనేవాళ్ళం. నేలలో గీత. ఇటు అక్క మంచం, అటు చెల్లెలి మంచం, మధ్యలో పొయ్యి. ఇలాంటివి అక్కడ చాలామందే కట్టుకున్నారట, చట్టం వాళ్ళని చూసి రాయలేదు గనుక వాళ్ళే చట్టాన్ని చూసి కట్టుకున్నారు.

అప్పట్లో దొంగసాక్ష్యాలు కూడా బోలెడు. చక్రాల మీద ఒకే గుడిసెని ఒక పొలం నుంచి మరో పొలానికి లాగి, 'ఇక్కడ ఇల్లు ఉంది, చూశాను' అని ప్రమాణం చేసేవారు. ఆ రోజుల్లో మిడతల దండు పంట తినేస్తే, ఆల్మా రైల్వే స్టేషన్ ఊళ్ళో హోటల్లో పనికి పోయి ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయింది. గడువు వచ్చింది. సాక్షిగా పొరుగు పొలం కుర్రాణ్ణి పిలిచారు. వాడు వాళ్ళకి బావి తవ్వడంలో సాయపడ్డవాడు, మంచివాడు. ఆల్మా నిరంతరంగా ఇక్కడే నివసించిందా అని అడిగారు. లేదన్నాడు. ఆల్మా నేల పోయింది. ఇల్లు మొత్తాన్ని దుంగల మీద దొర్లిస్తూ గుర్రాలతో క్రిస్టీనా వైపుకి లాగాల్సి వచ్చింది. ఇల్లు జరిగింది గాని, ఇంటి లోపలి చెక్క నేల మీద గీత అలాగే ఉండిపోయింది. ఆల్మా బతికినన్నాళ్ళూ ఆ గీతకి తన వైపునే పడుకుంది.

"ఎంత పాడు మనిషి! ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది?" అన్నాను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

"ఆ పాడు మనిషే మా తాత," అంది ఎడ్నా. "నానమ్మ తన పట్టా చేతికొచ్చాక ఆయన్నే చేసుకుంది. అబద్ధం ఆడినవాడైతే ఏరోజు ఏం చెబుతాడో తెలియకుండా బతకాల్సి వచ్చేదనేది. ఆల్మా మాత్రం ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు, ఆయనకి వడ్డించలేదు."

యథార్థవాది లోకవిరోధి అని మన సామెత ఆవిడకి చెప్పాను. "లోకం సరే, మరదలి సంగతి చెప్పు," అంది.

మూడో ఏడు ఆవిడలో మార్పు కనిపించింది. ఒకసారి పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ. ఆరోజు రాబర్ట్ అక్కడే ఉన్నాడు, అతనికి తెలిసింది. తెలియనిది ఇంకొకటి ఉంది. నవంబరులో ఒక మధ్యాహ్నం నేను కార్‌లో వెళ్ళేసరికి సన్నగా మంచు పడుతోంది. ఎడ్నా ఇంటికి, నీళ్ళు తోడే గాలిమరకి మధ్య ఖాళీ చేలో నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు, పైన కోటు లేదు. పరుగెత్తుకెళ్ళి భుజం పట్టుకున్నాను. ఆవిడ ఇంటివైపు చూపించి, చాలా మర్యాదగా, "ఆ ఇల్లు ఎవరిది?" అని అడిగింది. నా కోటు కప్పి నడిపించుకెళ్ళాను. పొయ్యి దగ్గర టీ సగం తాగేసరికి మళ్ళీ ఎడ్నా అయిపోయింది. "అలా మొహం పెట్టకు. నాకు గుర్తుంది, ఏం అడిగానో," అంది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు.

మరుసటి వేసవిలో రాబర్ట్ కోర్టుకి వెళ్ళాడు. ఆవిడ ఒంటరిగా ఉండలేదని, బాగోగులు తన చేతికి అప్పగించమని. అతను చెడ్డవాడు కాదు. ఆవిడకి ఏమవుతుందోనని రాత్రుళ్ళు నిద్రపట్టడం లేదని నాతోనే అన్నాడు. ఎడ్నా గుళ్ళో నన్ను పక్కకి పిలిచింది.

"నాకు సాక్షి కావాలి. నువ్వు వస్తావా?"

"నేనా? ఇక్కడివాళ్ళు ఇంతమంది ఉండగా?"

"వాళ్ళు నన్ను ఆదివారాలు చూశారు. నువ్వు మిగతా రోజులు చూశావు."

ఇంట్లో చెబితే సుధాకర్ అదిరిపోయాడు. "కోర్టా? మతుందా నీకు? గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద ఉండి కోర్ట్ కేసులో ఇన్వాల్వ్ అవుతావా? ఆళ్ళూ ఆళ్ళూ చూసుకుంటారు, మనకెందుకే?"

"ఆవిడకి ఇంకెవరున్నారండీ?"

"ఉన్నాడుగా మేనల్లుడు! సరే, ఎళ్తే ఎళ్ళు. కానీ ఏం చెప్తావ్? ఆ చేలో సంగతి కూడా చెప్తావా?"

అదే నాకూ తెలియదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చేలో సంగతి నేను తప్ప ఎవరూ ఎరగరు. నేను నోరు మూసుకుంటే ఆవిడ ఇల్లు ఆవిడకి దక్కుతుంది. మాట్లాడితే పోతుంది. పోనీ మూసుకుంటే, మళ్ళీ మంచు పడిన రోజున నేను వెళ్ళకపోతే? ఆవిడ్ని చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ ప్రశ్న ఆవిడే తేలుస్తుందేమోనని చూశాను. ఆవిడ ఎప్పటిలా బంగాళాదుంపలు తవ్వించింది, సీసాలు కడిగించింది, రోడ్డు మీద నా గేర్లు సరిచేసింది. కోర్టు ఊసు ఎత్తలేదు. ఆ వారాల్లో పడినంత ఒంటరితనం నేను మళ్ళీ పడలేదు. ఎవరిని సలహా అడగాలనిపించిందో, ఆవిడనే అడగకూడదు మరి.

కోర్టు అంటే మన సినిమా కోర్టు కాదు. చిన్న గది, పొడుగాటి బల్ల, కిటికీ అవతల మొక్కజొన్న గాదెలు. జడ్జి పెద్దావిడ, నిదానంగా అడిగింది. ఎడ్నా ఒంటరిగా ఉండగలదని మీ అభిప్రాయమా అని. ఎడ్నా నాకు ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షలో పిల్లని చూసే పంతులమ్మలా చూస్తోంది.

"అభిప్రాయం నాకు తెలియదండీ. చూసింది చెబుతాను," అన్నాను.

మొదట మంచివన్నీ చెప్పాను. తోట చెప్పాను, రొట్టె చెప్పాను, ట్రక్కు చెప్పాను, పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడుతుందని చెప్పాను. అక్కడితో ఆపేయాలని ప్రాణం కొట్టుకుంది. ఎడ్నా చూపు నా మీద నుంచి కదలలేదు. చేలో మంచు చెప్పాను. చెప్పుల సంగతి చెప్పాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఆవిడ అడిగినట్టే చెప్పాను. రాబర్ట్ తల వంచుకున్నాడు, అతనికి అది కొత్త. ఎడ్నా ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. చలికాలం రాకముందే ఆవిడ ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమానికి మారాలని ఆ రోజే తేలిపోయింది.

బయట వరండాలో ఆవిడ మొహం చూడలేకపోయాను. ఏడుస్తూ నిలబడ్డాను. ఎడ్నానే నా దగ్గరికి వచ్చింది.

"నిన్నెందుకు పిలిచాననుకున్నావు? గెలవడానికా?"

కళ్ళు తుడుచుకుని తలెత్తాను.

"నాకు ఏది జరిగిందో, ఏది జరగలేదో తెలియడం మానేసింది. ఆ రోజు చేలో నిలబడ్డానో, కల కన్నానో అనుకుంటూ ఉన్నాను. రాబర్ట్ చెబితే భయంతో చెబుతున్నాడనుకుంటాను. డాక్టరు చెబితే పుస్తకం చూసి చెబుతున్నాడనుకుంటాను. ఎవరి మాట నమ్మగలనో వాళ్ళ నోటి నుంచి వినాలి గదా."

నాకు జాలితో పాటు కోపం కూడా వచ్చింది. ఇంత బరువు చెప్పాపెట్టకుండా నా నెత్తిన పెడుతుందా అనిపించింది. అదే అనేశాను కూడా. "ముందే చెబితే నన్ను చూసి చెప్పేదానివి, చూసింది చెప్పేదానివి కాదు," అంది ఎడ్నా. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. ఎంత భయపడి ఉందో అప్పుడు తెలిసింది నాకు. "ఆల్మాలా ఏడాది పాటు మాట్లాడకుండా ఉండనులే, నాకంత టైము లేదు," అంది.

ఆశ్రమంలో ఆవిడ గది కిటికీకి పార్కింగ్ స్థలం కనిపించేది. నేను కార్ వేసుకుని వారం వారం వెళ్ళేదాన్ని. మతిమరుపు మంచులాగే కమ్మింది, ముందు అక్కడక్కడ, తర్వాత అంతటా. నా పేరు పోయింది. రాబర్ట్ పేరూ పోయింది. ఒక రోజు, ఆవిడ మంచం పక్కన గోడకున్న ఆ ఇంటి ఫోటో చూపించి, ఆ చేలో అడిగిన మర్యాదతోనే అడిగింది.

"ఆ ఇంట్లో ఎవరుండేవారు?"

"మీరే."

"నిజంగా నివసించానా?"

"నివసించారు."

"నేల సాగు చేశానా?"

"చేశారు. దుంపలు, రూబార్బ్. నాకు డ్రైవింగ్ కూడా నేర్పారు."

"నువ్వు చూశావా?"

"నేను చూశాను."

పట్టా చేతికి అందినదానిలా వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అప్పటి నుంచి ప్రతి వారం అదే విచారణ, అవే ప్రశ్నలు. విసుగు వచ్చిన రోజులు ఉన్నాయి, దాచను. కానీ ఒక్క వారం కూడా జవాబు మార్చలేదు.

సుధాకర్‌కి ట్రాయ్‌లో కార్ల కంపెనీకి విడిభాగాలు చేసేచోట ఉద్యోగం దొరికి మేము వచ్చేసేటప్పుడు, రాబర్ట్ అనుమతి తీసుకుని ఆ దుబ్బులో ఒక దుంప తవ్వి తెచ్చుకున్నాను. ఆ తర్వాత రెండు చలికాలాలకి ఆవిడ పోయింది. రాబర్ట్ ఫోన్ చేసి చెప్పాడు. చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదట, కాని నర్సులని పట్టుకుని 'సాక్షి వచ్చిందా' అని అడిగేదట. వాళ్ళకి అర్థం కాలేదట. ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి, కార్‌లో కూర్చుని, బయట ఎవరికీ వినబడకుండా ఏడ్చాను.

ఆ నేల కొన్నాయన ఇల్లు పడగొట్టి, గాలిమర పీకేసి మొక్కజొన్న వేశాడట. ఆ గీత ఉన్న పలకలు ఎక్కడ కాలిపోయాయో తెలియదు. దుబ్బు మీద కూడా నాగలి వెళ్ళిందన్నాడు రాబర్ట్. అయినా నాకు దాని మీద నమ్మకం ఉంది, ఏ జూన్‌లోనో మొక్కజొన్న వరసల మధ్య ఎర్రకాడలు తల ఎత్తే ఉంటాయి. ఆ వరసలో నిలబడి అక్కడొక వంటిల్లు ఉండేదని తెలుసుకునేవాళ్ళే ఉండి ఉండరు.

ఇక్కడి మా తెలుగు గుళ్ళో నాకో పేరుంది. "కరుణ ఆంటీని అడక్కండి, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది," అంటారు పిల్లలు. పెళ్ళి సంబంధాల వాకబుకి నన్ను పిలవడం మానేశారు. సుధాకర్ అప్పుడప్పుడు తల పట్టుకుంటాడు. నేను ఏం చేయను? నా అభిప్రాయాలు ఎవరికీ అంత అవసరం లేదు. చూసింది చెప్పడం మాత్రం నాకు ఒకావిడ నేర్పింది, తన ఇల్లు పణంగా పెట్టి మరీ.

ఇవాళ పచ్చడి దించి, అమ్మాయికి కలిపి పెట్టాను. "ఎడ్నా రియల్ పర్సన్ ఆ మమ్మీ?" అంది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. కారం తగిలింది దానికి, అంతే. చాలా ఏళ్ళ తర్వాత నన్ను మళ్ళీ ఎవరో సాక్ష్యానికి పిలిచారు. చెయ్యి కడుక్కుని దాని ఎదురుగా కూర్చున్నాను.

ఎడ్నా అక్కడ నివసించింది. ఆ నేలను సాగు చేసింది. నేను చూశాను.